అయ్యగారికో ఉత్తరం: ఎవరి గెలుపు కోసం ప్రార్థించాలి?

ప్రశ్న: అయ్యగారికి ప్రభువు నామమున వందనాలు. మాది భీమవరం దగ్గర పల్లె. మా అమ్మాయి ఖతార్ దేశం దోహాలో ఒకరింట్లో పని చేస్తోంది, నాలుగేళ్ళయింది. మా బావగారి అబ్బాయి ఇజ్రాయెల్‌లో ఒక ముసలాయన్ని చూసుకునే పనిలో ఉన్నాడు. 2025 జూన్‌లో ఇజ్రాయెల్, ఇరాన్ కొట్టుకున్న పన్నెండు రోజులూ నాకు నిద్ర లేదు. సైరన్ మోగినప్పుడల్లా మావాడు ఆ ముసలాయన్ని చక్రాల కుర్చీలో తోసుకుంటూ షెల్టర్‌లోకి పరిగెత్తేవాడట. 23వ తేదీ రాత్రి దోహా దగ్గరున్న అమెరికా స్థావరం మీద ఇరాన్ క్షిపణులు వేసినప్పుడు మా అమ్మాయికి ఫోన్ కలవలేదు. తెల్లారాక తనే చేసి, "అమ్మా, మా మేడమ్ నమాజు చేస్తూ ఏడ్చింది, నేను వంటగదిలో మోకరించి ఏడ్చాను" అంది. అప్పటినుంచి మా గృహ కూడికలో లోకంలో సమాధానం కోసం ప్రార్థన పెట్టమని అడుగుతున్నాను. మా సంఘపెద్ద ఒకాయన "యుద్ధాలు జరగాలని ప్రభువే చెప్పాడు, మత్తయి 24 చదువుకో. ఆగాలని అడగడం వాక్యానికి ఎదురు. అడిగితే ఇజ్రాయెల్‌కు జయం అడుగు" అన్నారు. ఒకసారి గాజా పిల్లల కోసం ప్రార్థన చేస్తే, కూడిక అయ్యాక పక్కకు పిలిచి మందలించారు. నేను పెద్దగా చదువుకోలేదు. నేనడిగింది తప్పా? అసలు మా పల్లెలో కూర్చుని చేసే ప్రార్థనకు ఎక్కడి యుద్ధాలో ఆగుతాయా?
– ఒక సోదరి, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: తప్పు కాదమ్మా. ముందు ఆ మాట చెప్పి తర్వాత మిగతావి మాట్లాడతాను. మీరు ఈ పత్రిక తెరిచి మొదట వెతికేది ఆ మాట కోసమేనని నాకు తెలుసు.

మత్తయి 24వ అధ్యాయం ఆరో వచనం నేనూ చదివాను. "యుద్ధములనుగూర్చియు యుద్ధ సమాచారములనుగూర్చియు వినబోదురు" అన్న తర్వాత వెంటనే ప్రభువు అన్న మాట "మీరు కలవరపడకుండ చూచుకొనుడి" అని. బెదిరిపోయిన శిష్యుల్ని నిలబెట్టడానికి చెప్పిన మాట అది. మనమేమో చేతులు కట్టుకు కూర్చోడానికి దాన్ని వాడుకుంటున్నాం. మనిషికి చావు తప్పదని కూడా వాక్యంలో ఉంది. అయినా మనింట్లో ఒకరికి ఆపరేషన్ అంటే సంఘమంతా ఉపవాస ప్రార్థన చేస్తుంది. అప్పుడెవరూ వాక్యానికి ఎదురని అనరు. మీ సంఘపెద్దగారికి మోకాలి ఆపరేషన్ అయితే ఆయనా ప్రార్థన చేయించుకుంటారు, చేయించుకోవాలి కూడా.

జరగబోయేది ఎవరికైనా తెలుసంటే ప్రభువుకే తెలుసు. యెరూషలేముకు ఏం మూడబోతోందో ఆయనకు తెలుసు. తెలిసీ, లూకా 19లో, గాడిదనెక్కి ఊరేగింపుగా వస్తూ ఆ పట్టణం కనబడగానే ఏడ్చాడు. "సమాధాన సంబంధమైన సంగతులు" ఈ రోజైనా నీకు తెలిసుంటే ఎంత బాగుండేదని ఏడ్చాడు. రాసిపెట్టి ఉంది, జరగనీ అని చూసీ చూడనట్టు సాగిపోలేదు. (మట్టల ఆదివారం నాడు మట్టలు పట్టుకుని పాడుకుంటూ ఊరేగుతాం గానీ, ఆ ఊరేగింపు మధ్యలో ఆయన ఏడ్చాడన్న సంగతి మన పాటల్లో పెద్దగా వినబడదు. ఎందుకో మరి.)

ఇక జయం సంగతి. ఈ విషయంలో మీ సంఘపెద్దగారి మీద రాయి వేసే అర్హత నాకు లేదు. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

నేను విశాఖపట్నం పాత ఊళ్ళో పుట్టి పెరిగాను. 1971 యుద్ధం నాటికి నాకు పన్నెండేళ్ళు. కిటికీ అద్దాలకు నల్ల కాగితాలు అంటించుకుని, దీపం మీద బుట్ట బోర్లించుకుని బతికిన రోజులవి. మన విక్రాంత్ నౌకను వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ, డిసెంబరు 3 అర్ధరాత్రి దాటేవేళకు హార్బరు బయట పేలి మునిగిపోయింది. మా ఇంటి కిటికీలు గడగడలాడాయి. ఏం జరిగిందో అప్పుడెవరికీ తెలీదు. తర్వాత వేటకెళ్ళిన జాలరులకు నీళ్ళమీద తేలుతున్న సామాన్లు దొరికాయి. డిసెంబరు 9న ప్రభుత్వం ప్రకటించాక ఊరంతా పండగ. ఆ జలాంతర్గామిలో దాదాపు తొంభైమంది ఉన్నారు, ఒక్కరూ మిగల్లేదు. మనవాళ్ళు ముంచారని మనం, లోపలే ఏదో పేలిందని వాళ్ళు, ఆ వాదన ఇప్పటికీ తెగలేదు.

12వ తేదీ ఆదివారం. క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమనకాలం. మా గుడి కిక్కిరిసిపోయింది. సంఘపెద్ద ఒకాయన లేచి, "ఫరో రథములను సముద్రములో పడద్రోసిన దేవా" అని మొదలుపెట్టి గొప్ప ప్రార్థన చేశాడు. నిర్గమకాండం పదిహేనో అధ్యాయమంతా అందులోకి వచ్చేసింది. మా పిల్లలమైతే చప్పట్లు కొట్టబోయి ఆగాం. ఆయన ఆమేన్ అనగానే, ఆడవాళ్ళ వైపు చివరి చాప మీదనుంచి ఒక ముసలమ్మ లేచింది. ఆసుపత్రిలో ఆయాగా చేసేది. ఆమె పెనిమిటి చాలా ఏళ్ళ కిందట తెప్ప మీద వేటకెళ్ళి తిరిగి రాలేదు. శవమూ దొరకలేదు. ఆమె కళ్ళు మూసుకుని, "ఆ రథాల్లో ఉన్నోళ్ళకీ అమ్మలుంటారు గదా బాబూ" అంది. దేవుణ్ణి ఆమె ఎప్పుడూ బాబూ అనే పిలిచేది. "నీటిలో పోయినోడికి గొయ్యి కూడా ఉండదు. ఆ అమ్మకి ఎవులు సెప్తారు? నువ్వే సెప్పాల" అంది. అంతే, కూర్చుంది.

గుడిలో ఒక్కసారి ఎవరో పొయ్యి ఆర్పినట్టయింది. మొదట ప్రార్థన చేసిన పెద్దాయన మొహం నల్లబడింది. మా గురువుగారు కాసేపు ఊరుకుని, నెమ్మదిగా "ఆమేన్" అన్నారు. ఆ ఒక్క మాటా అని కీర్తన నంబరు చెప్పారు. ఇంటికొచ్చి అన్నం తింటూ మా నాన్న, "ఆవిడ చెప్పింది తప్పు కాదు గానీ చెప్పే సమయం అది కాదు" అన్నాడు. సరైన సమయం ఏదని నేనడగలేదు. ఇప్పటికీ నాకు దొరకలేదు.

ఇంత చూసినవాణ్ణి, నేను గురువునయ్యాక ఏం చేశానో వినండి. 1999లో కార్గిల్ యుద్ధం జరుగుతున్నప్పుడు, వేదిక మీద నిలబడి "శత్రువులను నలగగొట్టుము ప్రభువా" అని గొంతెత్తి ప్రార్థించాను. మైకు కూడా బాగా పనిచేసింది ఆ రోజు. గుమ్మం దగ్గర అందరికీ చేయి కలుపుతుంటే, కొడుకును సరిహద్దుకు పంపిన తల్లి ఒకామె నా చెయ్యి వదలకుండా, "అయ్యగారూ, మావాడు ఇంటికొచ్చేలా ప్రార్థన చెయ్యండి చాలు. మిగతాది నాకొద్దు" అంది. ఆ రాత్రి నాకు ఆ ముసలమ్మ గుర్తొచ్చింది. సిగ్గేసింది.

లూకా 9లో ఒక చిన్న సంగతి ఉంది. సమరయుల ఊరొకటి ప్రభువును రానివ్వలేదు. యాకోబు, యోహాను ఊరుకోలేక, ఆకాశంనుంచి అగ్ని దిగి వీళ్ళను కాల్చేయాలని మేం ఆజ్ఞాపించమంటారా అని అడిగారు. ఆయన వాళ్ళ వైపు తిరిగి గద్దించాడు. అంతే కాదు, వేరే ఊరికి వెళ్ళిపోయారు. ఆకాశంనుంచి అగ్ని అంటే ఇప్పుడు మనకు కొత్తగా ఊహించుకోవలసిన పని లేదు, రోజూ టీవీలో చూస్తున్నాం. అది దిగాలని అడిగిన శిష్యులు ప్రభువుతో మూడేళ్ళు తిరిగినవాళ్ళేనని మీ కూడికలో ఎవరైనా గుర్తుచేస్తే బాగుంటుంది. మీరు చేయొద్దు, మీకు మళ్ళీ మందలింపు దేనికి. ఈ పత్రిక అక్కడ పెట్టి రండి.

ఇజ్రాయెల్ ప్రజల కోసం ప్రార్థించడం మానమని నేననను. మీ ఇంటి బిడ్డ అక్కడున్నాడు, అతను చూసుకునే ముసలాయనా ఒక బిడ్డే. 2023 అక్టోబరు 7న హమాస్ దాడిలో చనిపోయినవాళ్ళ ఇళ్ళలో ఇంకా ఏడుపు ఆగి ఉండదు. "యెరూషలేముయొక్క క్షేమముకొరకు ప్రార్థన చేయుడి" అన్న 122వ కీర్తన మనదే. అయితే ఆ ఊళ్ళో యూదులూ ఉన్నారు, అరబ్బులూ ఉన్నారు, వాళ్ళలో తరతరాలుగా క్రైస్తవులూ ఉన్నారు. అక్కడ క్షేమం అన్న మాటకు మూలం షాలోమ్. మీ అమ్మాయి వాళ్ళ మేడమ్ రోజూ అనే సలామ్ దాని తోబుట్టువే.

గాజా పిల్లల పేరెత్తినందుకు మందలించారన్నారు. గాజాలో క్రైస్తవ గుళ్ళు ఉన్నాయని ఆయనకు తెలిసి ఉండదు. సెయింట్ పోర్ఫిరియస్ అనే పాత ఆర్థొడాక్స్ గుడి ఒకటి, హోలీ ఫ్యామిలీ అనే కాథలిక్ గుడి ఒకటి. 2023 అక్టోబరు 19న మొదటిదాని ఆవరణ మీద, 2025 జులై 17న రెండోదాని మీద దాడి తగిలి, లోపల తలదాచుకున్నవాళ్ళు చనిపోయారు. ఇది చెప్పింది క్రైస్తవులున్నారు కాబట్టి ప్రార్థించమని కాదు. వాళ్ళు ఒక్కరు లేకపోయినా అక్కడి పసిపిల్లలు పసిపిల్లలే. కానీ మనవాళ్ళంటే తప్ప మనసు కదలని వాళ్ళకు ఈ సంగతి ముందు చెప్పాల్సి వస్తుంది.

ఒక మాట అడ్డంగా. కీర్తనల్లో పగ తీర్చమని అరిచే ప్రార్థనలున్నాయి, 137వ కీర్తన చివరి వచనం చదవడానికే భయమేస్తుంది. బిడ్డను పోగొట్టుకున్న యుక్రెయిన్ తల్లి అలా అరిస్తే నేను ఆమె నోరు నొక్కను. దేవుడు వింటాడు, ఓర్చుకుంటాడు. కానీ ఫ్యాను కింద కూర్చుని, టీ తాగుతూ, టీవీలో బొమ్మ విమానాలు ఎగురుతుంటే ఆ కీర్తన పట్టుకునే హక్కు నాకుందా? లేదనే అనుకుంటున్నాను.

ఆగుతాయా అని అడిగారు. సూటిగా చెప్తాను: ప్రార్థించిన ప్రతిసారీ ఆగలేదు. కాథలిక్కుల పెద్ద పోప్ ఫ్రాన్సిస్, గాజా యుద్ధం మొదలైన మొదటి రోజులనుంచి ఇంచుమించు ప్రతి సాయంత్రం ఆ హోలీ ఫ్యామిలీ గుడికి ఫోన్ చేసేవారు. ఎలా ఉన్నారు, ఇవాళ ఏం తిన్నారు, అంతే మాటలు. తాను ఆసుపత్రి మంచం మీద ఉన్న రోజుల్లోనూ చేశారు. ఆఖరిసారి చేసింది 2025 ఏప్రిల్ 19న, 21న కన్నుమూశారు. ఆయన పోయేనాటికి యుద్ధం ఆగిందా? లేదు. మరి ఆ ఫోన్లు వృథానా? గుడిలో బిక్కుబిక్కుమంటూ కూర్చున్నవాళ్ళకు సాయంత్రం అయ్యేసరికి ఫోన్ మోగుతుందన్న ఆశ ఒకటి ఉండేది. మీ అమ్మాయి ఫోన్ కలవని రాత్రి మీరెలా గడిపారో, ఆ విలువ నాకంటే మీకే బాగా తెలుసు.

ఆగినవీ ఉన్నాయి. ఆఫ్రికాలో లైబీరియా అనే చిన్న దేశం. 1989 చివరినుంచి మధ్యలో కొన్నాళ్ళు తప్ప పద్నాలుగేళ్ళు అక్కడ అంతర్యుద్ధం. 1990లో రాజధాని మన్రోవియాలో ఒక లూథరన్ గుడిలో తలదాచుకున్న వందలమందిని సైనికులు చంపేశారు. ఆ లూథరన్ సంఘానికే చెందిన లేమా గ్బోవీ అనే ఆవిడ, ఇంకొందరు ఆడవాళ్ళు కలిసి ప్రార్థన మొదలుపెట్టారు. ముస్లిం ఆడవాళ్ళూ వచ్చి చేరారు. 2003లో అందరూ తెల్ల బట్టలు కట్టుకుని రోడ్డు పక్కన చేపల మార్కెట్ దగ్గర మైదానంలో కూర్చున్నారు. రోజూ, ఎండలో, వానలో. దేశాధ్యక్షుడి కార్లు ఆ దారినే పోయేవి. తర్వాత ఘానాలో శాంతి చర్చలు జరుగుతుంటే అక్కడికీ వెళ్ళి, నాయకులు రోజులు నెట్టుకొస్తున్నారని తెలిసి హాలు గుమ్మం ముందు చేతులు కలిపి కూర్చుని, ఒప్పందం కుదిరేదాకా మిమ్మల్ని బయటకు రానివ్వం అన్నారు. ఆగస్టు 18న ఒప్పందం మీద సంతకాలయ్యాయి. 2011లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్న ముగ్గురిలో లేమా ఒకరు. అదంతా ప్రార్థన ఒక్కదానివల్లే జరిగిందని నేను చెప్పను. పక్క దేశాల సైన్యాలు వచ్చాయి, బయటనుంచి ఒత్తిడి వచ్చింది. కానీ మోకాళ్ళ మీద ఉన్నవాళ్ళు లేచి గుమ్మం దాకా నడిచారు. చేపల మార్కెట్ అని మొదటిసారి చదివినప్పుడు మా ముసలమ్మ అక్కడ కూడా ఎక్కడో చివర కూర్చునే ఉంటుందనిపించింది.

మరి మీరు ఎలా ప్రార్థించాలి? నాకు తోచింది చెప్తాను. ముందు టీవీ కట్టేయండి. ఆ డప్పుల మోత చెవుల్లో ఉండగా ప్రార్థన రాదు, కసే వస్తుంది. వాట్సాప్‌లో వచ్చే వీడియోలు చూసి ప్రార్థన అంశాలు రాసుకోవద్దు, వాటిలో సగం ఏ యుద్ధానివో ఎవరికీ తెలీదు. "లోకంలో శాంతి కలుగజేయుము" అని ఊరుకోవద్దు, నాలుక మీదనుంచి జారిపోయే మాట అది. మనుషుల్ని తలుచుకోండి. మీ అమ్మాయి, వాళ్ళ మేడమ్, ఆ ఇంటి పిల్లలు. మీ బావగారి అబ్బాయి, ఆ ముసలాయన. అక్కడినుంచి ఇంకొక్క అడుగు వేయండి: ఆ పన్నెండు రోజులూ టెహ్రాన్‌లో ఇంకో తల్లి కూడా మీలాగే ఫోన్ పట్టుకుని కూర్చుంది. పేరు తెలియదు కదా అంటారేమో, దేవుడికి తెలుసు. యిర్మీయా 29లో, బబులోనుకు చెరపోయినవాళ్ళకు ప్రవక్త రాసిన ఉత్తరం మీ అమ్మాయికి చదివి వినిపించండి. మీరున్న ఆ పరాయి పట్టణం కోసం ప్రార్థించండి, "దాని క్షేమము మీ క్షేమమునకు కారణమగును" అంటాడు. గల్ఫ్‌కు బిడ్డల్ని పంపిన మన గోదావరి జిల్లాల తల్లులకే రాసినట్టుంటుంది. అధికారుల కోసం కూడా ప్రార్థించండి, నచ్చనివాళ్ళ కోసం ఇంకాస్త ఎక్కువ.

మనల్ని కూడా అందులో కలుపుకోవాలి. ఇంగ్లండులో కొవెంట్రీ అనే ఊరి పెద్ద గుడి 1940 నవంబరు 14 రాత్రి జర్మన్ బాంబులకు కూలిపోయింది. ఆ గుడి పెద్ద హోవర్డ్ గారు, యుద్ధమయ్యాక శిథిలాల్లో బలిపీఠం వెనక గోడ మీద రెండే మాటలు చెక్కించారు, "తండ్రీ, క్షమించుము" అని. సిలువ మీద ప్రభువు అన్నది "వీరిని క్షమించుము" అని కదా. ఆ "వీరిని" అక్కడ లేదు. మావైపు తప్పేమీ లేనట్టు రాయలేమనే తీసేశారు. 1958నుంచి అదే మాటను పల్లవిగా పెట్టుకుని ఒక క్షమాపణ ప్రార్థన చేస్తున్నారు, శుక్రవారం మధ్యాహ్నం అక్కడికి వెళ్తే వినొచ్చు. మీ పల్లెలో శుక్రవారం ఉపవాస కూడిక ఉంటే ఆ రెండు మాటలూ చాలు, పొడుగు ప్రార్థనలు అక్కర్లేదు.

కూడికలో పెట్టనివ్వకపోతే దెబ్బలాడకండి. రాత్రి అన్నాలయ్యాక దోహాలో మీ అమ్మాయికి పని తెమిలే వేళ ఏదో కనుక్కోండి. ఇద్దరూ ఒకే సమయానికి మోకరించండి. వంటగది అయినా సరే.

ప్రశ్న: "ప్రభువా, నన్ను నీ సమాధాన సాధనముగా చేయుము" అనే ప్రార్థన అస్సీసీ ఫ్రాన్సిస్ రాసిందని మా కీర్తనల పుస్తకం చివర ఉంది. ఆయన రాయలేదని మా మనవరాలు ఫోన్‌లో చూసి చెప్పింది. ఎవరిది నిజం?
– ఒక పెద్దాయన, గుంటూరు

జవాబు: మనవరాలిదే నిజం. ఇటలీ సాధువు ఫ్రాన్సిస్ 1226లో చనిపోయారు. ఈ ప్రార్థన మొట్టమొదట అచ్చులో కనబడింది 1912లో, పారిస్‌లో వచ్చే ఒక చిన్న భక్తి పత్రికలో, ఫ్రెంచి భాషలో, రాసినవాళ్ళ పేరు లేకుండా. మొదటి ప్రపంచయుద్ధం మధ్యలో, 1916లో, వాటికన్ పత్రిక అచ్చువేశాక బాగా వ్యాపించింది. ఫ్రాన్సిస్ బొమ్మ ఉన్న కార్డు వెనక ఎవరో దాన్ని ముద్రిస్తే, ఆయన పేరు అంటుకుపోయింది. అయినా పేరు అతకని చోట అతకలేదులెండి. 1219లో సిలువ యుద్ధం సాగుతుండగా ఈయన ఈజిప్టులో శత్రు శిబిరానికి ఆయుధం లేకుండా నడిచి వెళ్ళి సుల్తాన్ అల్ కామిల్‌తో మాట్లాడి క్షేమంగా తిరిగొచ్చారు. పుస్తకంలో పేరు కొట్టేయకండి, పక్కన పెన్సిల్‌తో "1912" అని రాసుకోండి.

ప్రశ్న: అంకుల్, పాకిస్తాన్‌లో కూడా చర్చిలు ఉన్నాయా? వాళ్ళు కూడా వాళ్ళ సైనికుల కోసం ప్రార్థన చేస్తే దేవుడు ఎవరి మాట వింటాడు?
– ఒక అబ్బాయి, ఒంగోలు

జవాబు: ఉన్నాయి బాబూ. లాహోరులో, కరాచీలో పెద్ద పెద్ద గుళ్ళున్నాయి. మన సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) 1947లో కొన్ని సంఘాలు కలిసి ఏర్పడినట్టే, 1970లో అక్కడా కొన్ని సంఘాలు కలిసి ఒక్కటయ్యాయి. దావీదు కీర్తనల్ని వాళ్ళు పంజాబీ పాటలుగా కట్టుకుని పాడతారు, వాటిని జబూర్ అంటారు. మీ సండేస్కూల్ టీచరుగారిని అడిగితే వినిపిస్తారేమో.

రెండో ప్రశ్న నీకంటే పెద్దవాళ్ళు కూడా అడుగుతారు, నేనూ నీ వయసులో అడిగాను. నువ్వూ మీ చెల్లీ కొట్టుకుని ఇద్దరూ ఏడుస్తూ అమ్మ దగ్గరికి వెళ్తే అమ్మ ఎవరి మాట వింటుంది? ఇద్దరిదీ వింటుంది. చెల్లిని కొట్టడానికి కర్ర ఇవ్వమ్మా అని అడిగితే? అది మాత్రం మీ అమ్మనే అడిగి చూడు. ఏమందో నాకు రాయి, ఈసారి నువ్వు ఏ క్లాసు చదువుతున్నావో కూడా రాయి.